కడుపులో ఉన్నవాళ్ల కోసం ఒక చెంచా

మా అమ్మాయి దేవి పోయిన దగ్గర్నుంచి నాకు తిండి సహించడం లేదు. ఈ రోజు డాక్టరు రాసిన ఫైబర్ పొడి కొనడానికి కోటబొమ్మాళి వెళ్లాను. మందుల షాపులో ఉండే పార్వతి, దేవితో చదువుకున్న పిల్ల.

"ఇది తింటే ఆకలేస్తాదేటే?" అని అడిగాను.

"ఇది నీకు కాదు పిన్నీ. కడుపులో మంచి సూక్ష్మజీవులుంటాయి కదా, ఆటికి తిండి. నువ్వు తినకపోతే ఆటికీ పస్తే."

"ఒసే, నా కడుపులో ఇంకా నన్ను నమ్ముకున్నోలు ఉన్నారేటే?"

పార్వతి నవ్వబోయి ఆగిపోయింది. "బోల్డుమంది ఉన్నారు పిన్నీ" అంది.

ఇంటికొచ్చి తరవాణి కుండలోని పులిసిన గంజిలో ఒక చెంచా పొడి కలిపి, రోజూలాగే గ్లాసు దేవి ఫొటో ముందు పెట్టాను. పొడి మబ్బులా విడిపోయి, మెల్లగా కరిగిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. దేవి కడుపులో ఉన్నప్పుడూ ఇంతే, నాకు వద్దనిపించినా దాని కోసం తాగేదాన్ని. రోజూ ఆ గ్లాసు అరటిచెట్టు మొదట్లో పోసేస్తాను. ఈ రోజు మాత్రం నేనే తాగాను, అడుగు వరకూ.

మీలో ఎవరైనా ఈ పొడి వాడుతున్నారా? మీ కడుపులో ఉన్నవాళ్లు ఎన్ని పూటలు తింటారో చెప్పండి. నావాళ్లు అప్పుడే మళ్లీ ఆకలంటున్నారు.