ఆవగింజంత నల్లమందు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, పన్నెండేళ్ళు నేను నల్లమందుకు బానిసనై బతికాను, ఆ పన్నెండేళ్ళూ గుడికి మాత్రం ఒక్క ఆదివారం తప్పలేదు. మా దివిసీమలో చలిజ్వరం పట్టని ఇల్లు లేదు కదా, మూడో కాన్పు తరువాత ఆ జ్వరమూ కీళ్ళనొప్పులూ కలిసి నన్ను మంచాన పడేస్తే, ఎవరో చెప్పిన మాట విని ఆవగింజంత మందు నోట్లో వేసుకున్నాను, నొప్పి పోయింది, మందు మాత్రం నన్ను వదల్లేదు! పొద్దున ఒక ఉండ, సాయంత్రం ఒక ఉండ. అది పడకపోతే ఆవలింతలు, ముక్కు కారడం, పేగులు మెలిపెట్టడం. నా భర్త ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయేదాకా ఆయనకు కూడా ఈ సంగతి తెలియదు. పోపులపెట్టెలో మెంతుల కింద డబ్బీ దాచి, ఆ చేత్తోనే బైబిలు తీసేదాన్ని.

అవనిగడ్డకు దిగువన చేల మధ్యలో మా మామగారు కట్టించిన పాత మకాం మాది, పెద్ద పెంకుటిల్లు, వెనక పశువుల దొడ్డి, గడ్డివాములు. ఏటా క్రిస్మసుకు బందరు నుంచీ గుడివాడ నుంచీ మావాళ్ళంతా పడవల మీదా బండ్ల మీదా అక్కడికే వచ్చేవారు, నలభై మందికి తగ్గేవారు కాదు. పెద్దకోడలిని కనుక ఎవరు ఎక్కడ పడుకోవాలో, ఏ గంగాళంలో ఏది వండాలో అన్నీ నేను చెప్పినట్టే జరిగేవి, అది నాకు గర్వంగా కూడా ఉండేది, దాచను.

ఆ ఏడు పండుగనాటి ఉదయం, ఆరాధనకు ముందే వంట ముగించాలని ఆడవాళ్ళమంతా పొయ్యిల దగ్గర సతమతమవుతున్నాం, మా చెల్లెలి కూతురు సుగుణ కొడుకు, ఐదు నెలల పసివాడు, ఉయ్యాలలో గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మా వైపు నాట్ల కాలంలో కొందరు తల్లులు ఆవగింజలో సగం నల్లమందు పాలల్లో రంగరించి పట్టి, బిడ్డను గట్టున పడుకోబెట్టి చేలోకి దిగడం మీకు తెలియనిది కాదు. నేనూ అదే చేశాను. "నువ్వెళ్ళి గారెలు చూడవే, వాణ్ణి నేను నిద్రపుచ్చుతాలే" అని సుగుణను పంపించి నా డబ్బీ తీశాను. పన్నెండేళ్ళుగా నా ఉండ పెరుగుతూ వచ్చింది, నా కన్ను దానికే అలవాటుపడిపోయింది సహోదరులారా! నా కంటికి అది సగం ఆవగింజే, నిజానికి ఎంత పెట్టానో దేవునికే తెలుసు.

బిడ్డ నిద్రపోయాడు. పాలివ్వడానికి సుగుణ ఎత్తుకుంటే మెడ వేలాడిపోయింది, పెదవులు నల్లబడ్డాయి, ఊపిరి ఎప్పుడో ఒకసారి తీస్తున్నాడు. ఇల్లంతా గొల్లుమంది. గడ్డివాముల మధ్య ఇల్లు కదా, అందరి మనసూ పాము మీదికే పోయింది. గుడివాడలో ఒక ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసే మా మరిది బిడ్డను చాప మీద పడుకోబెట్టి ఒళ్ళంతా వెతికి, మడమ దగ్గర దోమ కుట్టిన ఎర్రటి మచ్చ చూసి, "ఇదిగో, ఇక్కడే కరిచింది, కోసి విషం పిండాలి, గడ్డం కత్తి తెండి!" అన్నాడు. తక్కినవాళ్ళంతా మోకరించారు. నేనూ మోకరించి అందరికన్నా గట్టిగా ప్రార్థించాను, పైకి, "ప్రభువా, ఈ పసివాణ్ణి కాపాడు", లోపల, "ప్రభువా, నేను నోరు విప్పకుండానే వీణ్ణి లేపు, వీళ్ళ ముందు నన్ను సిగ్గుపరచకు." ఇంతటి పాపిష్ఠి ప్రార్థన ఎవరైనా చేసి ఉంటారా!

మరిది బిడ్డ కాలికి గుడ్డ బిగించి, కత్తి మడమకు ఆనించాడు. నా ప్రార్థన అక్కడితో ఆగిపోయింది. దేవుడు నాతో మాట్లాడాడని చెప్పను, ఆయన నా మాట వినడం మానేశాడని మాత్రం నాకు స్పష్టంగా తెలిసింది. "కొయ్యొద్దయ్యా! పాము కాదు, నల్లమందు! నేనే పెట్టాను!" అని అరిచాను.

"ఎంత పెట్టావొదినా?" అన్నాడు మరిది.

"తెలియదు నాయనా, నేను రోజూ వేసుకునేది ఇదీ" అని డబ్బీ విప్పి ఉండ చూపించాను. పెసరగింజ కన్నా పెద్దది. సుగుణ నావైపు చూసిన చూపు ఇవాళ్టికీ మరిచిపోలేదు.

కత్తి పక్కన పడింది. మరిది చెప్పినట్టు తడిగుడ్డతో ముఖం తుడుస్తూ, అరికాళ్ళు తడుతూ, చిక్కటి కాఫీ కషాయం చుక్కచుక్కగా పడుతూ, ఊపిరి ఆగబోయినప్పుడల్లా నోట్లోకి ఊదుతూ, ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి మారుస్తూ బిడ్డను నిద్రపోనివ్వకుండా కాచారు, నన్ను మాత్రం ముట్టుకోనివ్వలేదు. పండుగ వంటలు అలాగే చల్లారిపోయాయి. ఏ ఏడుపు ఆపాలని నేను మందు పెట్టానో, ఆ ఏడుపు వినాలని నలభై మందిమీ ప్రభువును వేడుకున్నాం. పొద్దు వాలే వేళకు బిడ్డ కెవ్వుమన్నాడు! ప్రభువుకు స్తోత్రం! అంత తియ్యటి కేక నేను ఎన్నడూ వినలేదు.

డబ్బీ పొయ్యిలో పడేశాను. ఆ తరువాత నలభై రోజులు నా ఒళ్ళు పడిన యాతన నేను చెప్పలేను, "ప్రభువా, అందరూ నన్ను చూశారు, నువ్వూ చూడు" అనడమే, అంతకు మించి ప్రార్థించడానికి ఓపిక ఉండేది కాదు. ఆయన చూశాడు. మళ్ళీ ఆ మందు నా నాలుకను తాకలేదు.

మరుసటి క్రిస్మసుకు సుగుణ వస్తుందని నేను ఆశపడలేదు. వచ్చింది. వచ్చి రెండు రోజులు నాతో మాట్లాడలేదు, పిల్లాణ్ణి చంక దించలేదు, నేనూ దగ్గరికి వెళ్ళలేదు. పండుగనాడు అందరూ చూస్తుండగా తిన్నగా నా దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, కాస్త వీణ్ణి ఎత్తుకో" అని నా చేతుల్లో పెట్టి వెనక్కి చూడకుండా వెళ్ళింది. నేను వాణ్ణి గుండెకు హత్తుకుని ఏడ్చాను.

ప్రియులారా, ఆయన నన్ను విడిపించాడు, మహిమంతా ఆయనదే. మీలో ఎవరైనా ఒకదాన్ని దాచుకునే ఉండి దాన్నుంచే విడుదల అడుగుతున్నట్టయితే, ఇవాళే ఒక మనిషి ముందు నోరు విప్పండి, ఆ తరువాత మోకరించండి. ఆయన తప్పక వింటాడు.