పసుపు గీత

కాగజ్‌నగర్‌లో ఐలవ్వను ఎవరైనా అడిగితే, మొగుడితో తనకు ఏ పేచీ లేదనే చెబుతుంది. తాగడు, పేకాడడు, కోపమొచ్చినా గొంతు పెంచడు. ఉన్నదల్లా ఒకే ఒక్క పేచీ, అది కాగితం. ఆ మాట వచ్చిందా, కొంగు నడుముకు చెక్కి మొదలుపెడుతుంది. విన్నవాళ్ళు చాయ్ తాగి, ఇంకో చాయ్ కూడా తాగి వెళ్ళాల్సిందే.

ఆమె మొగుడు అంజన్న పేపరు మిల్లులో పనిచేశాడు. తయారైన కాగితాలను ఒక్కొక్కటే తిప్పి చూసి, మంచిది ఒక పక్క, చెడ్డది ఒక పక్క వేయడం అతని పని. మడత పడినా, మరక పడినా, వెంట్రుకంత గీత పడినా ఆ కాగితం పక్కకు పోవాల్సిందే, మళ్ళీ నాని గుజ్జు కావాల్సిందే. నౌకరీ చేసినన్నాళ్ళూ గీత పడ్డ కాగితాన్ని అతను పాస్ చేయలేదు. తోటివాళ్ళు గీతల అంజన్న అని పేరు పెట్టారు. ఆ బుద్ధి మిల్లు గేటు దగ్గర ఆగితే బాగుండేది, ఆగలేదు. ఎవరు ఏ కాగితం ఇచ్చినా ముందు చెవి దగ్గర పెట్టి టపటపలాడిస్తాడు, తర్వాత వెలుగుకు ఎత్తి చూస్తాడు, అందులో ఏం రాసి ఉందో చదవడం ఆఖరి సంగతి. తన పెళ్ళి పత్రికనే అట్లా ఎండకు పట్టి చూశాడట. పిల్లను కూడా అట్లాగే ఎండలో నిలబెట్టి చూస్తాడేమోనని భయపడ్డానని ఐలవ్వ ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతుంది.

రెండువేల పద్నాలుగులో మిల్లు బందయింది. ఇవాళ తెరుస్తారు, రేపు తెరుస్తారు అని ఊరంతా ఎదురుచూసింది, అంజన్న అందరికంటే ఎక్కువ చూశాడు. తెరిచిన నాడు ఏ కాగితం అడుగుతారో ఏమోనని ఇంట్లో ఒక్క తుకడా కూడా పారేయనివ్వలేదు. జీతం చీటీలు, కరెంటు బిల్లులు, యూనియన్ కరపత్రాలు, బిడ్డ పరీక్ష పేపర్లు, వీధిలో వాళ్ళందరి పెళ్ళి పత్రికలు వాకిలి పక్క అర్రలోకి చేరాయి. మిల్లు మళ్ళీ తెరిచేసరికి నాలుగేళ్ళు గడిచాయి, అతని పని వయసూ దాటింది. బందుకు ముందు ఆఖరి డ్యూటీ చేసి వచ్చిన రోజున అదే ఆఖరిదని తెలియదు పాపం. దండ లేదు, శాలువా లేదు. టిఫిన్ డబ్బా కడగడానికిచ్చి, రేపు పచ్చిపులుసు చెయ్యమన్నాడు, అంతే. మిల్లు అట్లా పోయింది, అర్రెడు కాగితం మిగిలింది.

ఆ నాలుగేళ్ళు ఇల్లు నడిపింది ఐలవ్వ రోలే. ఇంటింటి నుంచి పసుపు కొమ్ములూ ఎండు మిరపకాయలూ తెచ్చి దంచి ఇచ్చేది. కారం దంచిన రోజు కళ్ళు మండేవి. పసుపు దంచిన రోజు మోచేతుల దాకా పచ్చబడేది, ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. ఆ చేతులతోనే అన్నం కలిపి బిడ్డకు పెట్టేది, మొగుడికి వడ్డించేది. అంజన్న పక్కన కూర్చొని జల్లెడ పట్టేవాడు గానీ, ఆ రోజుల గురించి తర్వాత ఏనాడూ నోరు విప్పలేదు.

ఇప్పుడామె రెక్కలు మునుపటిలా లేవు. రోకలి ఎత్తితే భుజం పట్టేస్తుంది. గిరాకీ మాత్రం తగ్గలేదు, ఐలవ్వ దంచిన కారమే కావాలంటారు జనం. అందుకే ఆమెకు గిర్ని కావాలి, కారమూ పసుపూ పట్టే కరెంటు గిర్ని. కొనిస్తానని బిడ్డ మమతారాణి ఎప్పుడో మాటిచ్చింది. పెట్టడానికే చోటు లేదు. వాకిలి పక్క అర్రలో పెడితే గిరాకీ బజారులో నుంచి నేరుగా లోపలికొస్తుంది, కానీ ఆ అర్రలో పిల్లి దూరే సందు కూడా లేదు. ఐలవ్వ చెవిలో ఇల్లు కట్టుకొని పోరింది, అలిగింది, ఒక పూట వంట మానేసి చూసింది. ఎక్కడ వేసిన గొంగడి అక్కడే.

మమతారాణి కరీంనగర్‌లో ఒక బీమా ఏజెంటు దగ్గర పనిచేస్తుంది. అమ్మానాన్నల పంచాయితీ ఫోనులో విని విని, ఈసారి వచ్చేటప్పుడు చేతిసంచిలో ఒక యంత్రం తెచ్చింది. అప్పడాల కర్రంత పొడుగు, దానికన్నా కొంచెం లావు. స్కానర్ అన్నది. ఒక పక్క కాగితం పెడితే చెరుకు గానుగ గడను లాక్కున్నట్టు లాక్కొని రెండో పక్కకు వదులుతుంది. కాగితం చెక్కుచెదరదు, దాని ఫోటో మాత్రం లోపలున్న గోరంత కార్డులో పడుతుంది. అర్రెడు కాగితం గోరంత దాంట్లో ఇముడుతుందంటే అంజన్న నవ్వాడు. మమత ఒక జీతం చీటీ పెట్టి, ఆ కార్డును ల్యాప్‌టాపుకు తగిలించి చూపించింది. తెల్లగా, ఒక్క అక్షరం చెదరకుండా వచ్చింది. పైమూత తీసి లోపలి రోలర్లు కూడా చూపించేసరికి మనిషి మెత్తబడ్డాడు. మిల్లు మిషను పిల్లను పెట్టినట్టుందని మురిసిపోయాడు.

అప్పుడే ఒప్పందం కుదిరింది. నెల తర్వాత మమత మళ్ళీ వచ్చేలోపు అంజన్న కాగితాలన్నీ యంత్రంలో పెట్టాలి. ఫోటో మంచిగా పడిన కాగితం చిత్తుకాగితాల రద్దీకి పోతుంది. ఇంటి పట్టా, పింఛను కాగితాల వంటివి మాత్రం ఇనుప డబ్బాలో ఉంటాయి. పాత కాగితాలు కొనే ముకర్రం ఎత్తుకొని పోవాలి, అది కూడా మళ్ళీ గుజ్జు చేసే చోటికే అమ్మాలి గానీ బజ్జీల బండికి అమ్మొద్దు.

"మంచిగ వడ్డదే పాస్. గీత వడ్డదంటే మాత్రం నేనియ్య, మళ్ళ నన్ననొద్దు" అన్నాడు అంజన్న.

ఐలవ్వ బిడ్డ సాక్షిగా సరేనంది.

ఇంటికి కొత్త వస్తువొస్తే పసుపు పెట్టకుండా వాడడం ఐలవ్వ పుట్టింట్లోనూ లేదు, అత్తింట్లోనూ లేదు. సైకిలుకు పెట్టింది, కుక్కరుకు పెట్టింది, ఫ్రిజ్జుకు పెట్టింది. బిడ్డ స్నానానికి పోయిన సందు చూసి, ఇంత పసుపు తడిపి తెచ్చింది. పైన పెడితే నున్నటి ప్లాస్టిక్ మీద నిలవకుండా జారింది. మూత తీసి చూసింది. లోపల సన్నటి అద్దం పట్టీ తళతళలాడుతూ కనబడింది. యంత్రానికి నొసలంటే ఇదే కాబోలనుకొని, అక్కడ నిండుగా బొట్టు పెట్టి, కళ్ళకద్దుకొని, మూత వేసింది. అర్ర ఖాళీ కావాలని మొక్కుకుంది కూడా. మమత ఆ మధ్యాహ్నమే కరీంనగర్ బస్సెక్కింది.

ఆ నెలంతా ఇంట్లో మళ్ళీ మిల్లు నడిచింది. పొద్దున్నే అంజన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని అర్రలో కూర్చునేవాడు. కాగితాన్ని టపటపలాడించేవాడు, వెలుగుకు పట్టేవాడు, యంత్రంలో పెట్టేవాడు. పచ్చ లైటు వెలిగితే ఇంకోటి. ఐలవ్వ పక్కన కూర్చొని కట్టలు కట్టేది. పాత కరపత్రం దగ్గర అతను ఆగిపోతే, లైను ఆగుతుంది సూపర్‌వైజరొస్తాడని ఎత్తిపొడిచేది. మొగుణ్ణి అట్లా చూసి ఎన్నేళ్ళయిందో! చాయ్‌లో చక్కెర ఒక చెంచా ఎక్కువే వేసింది. కట్టలు అరుగు మీదికి చేరిన కొద్దీ అర్రలో గచ్చు బయటపడింది. గిర్ని ఎక్కడ రావాలో ఆమె సుద్దముక్కతో గీసి పెట్టుకుంది.

మమత వచ్చింది. గిర్ని మర్నాడు దిగుతుందన్నది. ముకర్రం ట్రాలీ ఆటో వాకిట్లో ఆగింది. ఇక కార్డు పెట్టి చూసుకోవడమే తరువాయి. మమత ల్యాప్‌టాపు తెరిచింది.

మొదటి కాగితం మీద పై నుంచి కింది దాకా పసుపుపచ్చ గీత. రెండోదాని మీద అదే చోట, అదే గీత. మమత గబగబా ఎన్ని తిప్పినా, తను చూపించిన ఆ మొదటి జీతం చీటీ తప్ప అన్నింటి మీదా గీతే. యంత్రం మూత తీసి, అద్దాన్ని గోటితో గీకి, వాసన చూసింది.

"అవ్వా, దీనికి పసుపు వెట్టినవా?"

కొత్త వస్తువు కదా బిడ్డా అన్నది ఐలవ్వ, తనకే వినబడనంత చిన్నగా.

మమత కోప్పడలేదు. అద్దం మీద చుక్క ఉంటే కాగితం దాని మీదుగా జరిగిపోతుంది గనుక, ఆ చుక్కే గీతై సాగుతుందని చెప్పింది. తుడిచేసి అన్నీ మళ్ళీ మొదటినుంచి పెట్టుకోవాలంది. ఐలవ్వ అరుగు మీది కట్టల వైపు చూసింది. కట్టలు విప్పితే కాగితాలు మళ్ళీ అర్రలోకే పోతాయి. ఒకసారి పోయినవి మళ్ళీ బయటికొస్తాయా? గీత పడితే ఇవ్వనని అతను ముందే అన్నాడు, తాను సరేనంది. పైగా ఆ గీత పెట్టింది ఎవరు? తన నోట్లో తానే మన్ను కొట్టుకున్నానని తిట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అన్నా, జర జల్దీ చెయ్యిండ్రి, ఎండ ముదురుతుంది" అని ముకర్రం బయటినుంచి కేకేశాడు.

అంజన్న కళ్ళద్దాలు తుడుచుకొని ల్యాప్‌టాపు ముందు కూర్చున్నాడు. మమత ఒక్కొక్కటి తిప్పుతుంటే మిల్లులో చూసినట్టే చూశాడు. గీత ఎడమ అంచున పడింది, అక్షరాలకు తగలలేదు. తగిలినవి ఏవో కొన్ని ఉంటే వాటిని కట్టల్లోంచి తీయించి ఇనుప డబ్బాలో వేయించాడు. మిల్లు బందున్నప్పటి కరపత్రాలు వచ్చాయి. వాటి పక్కనా అదే పసుపు నిలబడి ఉంది. అంజన్న చాలాసేపు ఆ గీతనే చూశాడు. ఆ తర్వాత తల తిప్పి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్న ఐలవ్వ చేతులను చూశాడు. నిన్ననే ఎవరికో పసుపు దంచిన చేతులవి.

"మిల్లు బందున్నప్పుడు గీ చేతి పసుపే మనకింత బువ్వ వెట్టింది" అన్నాడు. "గీ గీత వడితే కాగితం ఖరాబెట్లయితదే?"

తుడిచి మళ్ళీ చేద్దాం బాపూ, రెండు రోజులు సెలవు పెడతానని మమత అన్నది. అతను వద్దని చెయ్యి ఊపాడు.

"అన్నీ పాస్. ముకర్రంను కట్టలెత్తుమను."

ఆ మాట విని ఐలవ్వ ఏడ్చింది. ఆపుకోవాలని కూడా అనుకోలేదు.

మర్నాడు గిర్ని దిగింది. సుద్దగీత మీద సరిగ్గా కూర్చుంది. ఎప్పుడూ లేనిది, ఐలవ్వ పసుపు గిన్నె జోలికి పోకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. అంజన్నే వంటింట్లోకి పోయి ఆ గిన్నె తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఎక్కడ పెట్టాలో ఏమోనని ఆమె బిడ్డ వైపు చూసింది. ఎక్కడన్నా పెట్టు, లోపల పడ్డా పసుపు పసుపులోనే కలుస్తుంది కదా అన్నాడతను. మమత పకపకా నవ్వింది. ఐలవ్వ గిర్నికి ముందొక బొట్టు, వెనకొక బొట్టు పెట్టింది.

ఆ తెల్లారి అంజన్న అలవాటు కొద్దీ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని గిర్ని ముందు కూర్చున్నాడు. ఎవరో మొదటి గిరాకీగా పసుపు కొమ్ములే తెచ్చారు. పట్టిన పొడిని వేళ్ళ మధ్య రుద్ది, వెలుగుకు పట్టి చూసి మరీ ఇచ్చాడు. సాయంత్రానికి తెల్ల చొక్కా జేబు దాకా పచ్చబడింది. ఐలవ్వ దాన్ని సబ్బుతో ఒకసారి ఉతికింది. పోని మరకని ఆమెకు ఎప్పటినుంచో తెలుసు, అందుకే రెండోసారి రుద్దకుండా దండెం మీద ఆరేసింది.