ఇల్లు విశాలమైన వైనం

పరంజా మీంచి పడి వెన్ను విరిగి, నడుం కింద చచ్చుబడిపోయిన పెయింటరు ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో, ఆ రెండు గదుల వాటాలో చక్రాల కుర్చీ తిప్పడానికే చోటుండేది కాదు. ఏళ్లు గడిచేకొద్దీ ఇల్లే దారిచ్చింది. బీరువా మూత్రం గొట్టాల ఖర్చు కింద అమ్ముడుపోయింది. సోఫా ఫిజియోథెరపీకి, భార్య కుట్టుమిషను వీపు మీది పుళ్లకి పోయాయి. ఇప్పుడాయన రోజూ పొద్దున్నే ఒళ్లో తువ్వాలు సర్దుకుని, మహారాజులా ఇల్లంతా ఒక చుట్టు తిరుగుతాడు. బీరువా ఉన్నచోట గోడ మీద వెలిసిపోకుండా మిగిలిన రంగు దగ్గర ఆగి, ఇది నేనేసిందే అన్నట్టు ఒకసారి తడుముతాడు.

మొన్న బావమరిది చేతులూపుకుంటూ వచ్చి, ఉన్న ఒక్క కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పెయింటరు పడ్డ రోజున "నేనున్నాను కదా బావా" అన్న మనిషి ఈయనే.

"అబ్బ, ఇల్లెంత విశాలంగా పెట్టుకున్నారు బావా! మా ఇంట్లో సామాన్లతో ఊపిరాడదనుకోండి."

"అంతా మీ అక్క సర్దిందేనయ్యా."

బావమరిది మెచ్చుకోలుగా తలూపి, టీ ఎప్పుడొస్తుందా అని వంటగది వైపు చూశాడు. ఇంతలో గుమ్మంలో ఎవరో దగ్గారు.

"కాస్త లేస్తావా?" అన్నాడు పెయింటరు, ఎంతో మర్యాదగా. "నువ్వు కూర్చున్నదానికి బేరం కుదిరింది. పట్టుకెళ్లడానికి వచ్చారు."