రైతులే చెప్పారు, అధ్యక్షా

సోమవారం నుంచి కొత్త శాసనసభ సమావేశాలు మొదలవుతాయని పేపర్లో పెద్ద అక్షరాలతో వచ్చింది. అనంతపురంలో మా వీధి చివర టీ అంగడి దగ్గర ఆ పేపరు చేతులు మారుతూ నా దాకా వచ్చేసరికి, ఎప్పటిలాగే అందరూ నా వైపు తిరిగారు. నేను శాసనసభలో రిపోర్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. రిపోర్టరంటే పత్రికవాణ్ణి కాదు. అధ్యక్షులవారి పీఠం కింద బల్ల ముందు కూర్చుని, సభ్యులు మాట్లాడే ప్రతి మాటా షార్ట్‌హ్యాండులో దించుకుని, టైపు చేసి రికార్డుకు ఇచ్చే ఉద్యోగం. అందుకని ఈసారి సభలో ఏముంటుందో నాకు ముందే తెలిసిపోతుందని మా వీధివాళ్ల నమ్మకం. నేనూ తగ్గను. మొదటి రోజు గవర్నర్ ప్రసంగం, తర్వాత సంతాప తీర్మానాలు, రెండు నిమిషాల మౌనం, మర్నాడు వాయిదా తీర్మానం ఇవ్వడం, దాన్ని తిరస్కరించడం, పోడియం దగ్గర గొడవ, టీ విరామం అని వరుసగా చెప్పేస్తాను. సమావేశాలు పెళ్లి తంతులాంటివి. ఏది ముందు ఏది వెనక అని చెప్పొచ్చు గానీ కాపురం ఎలా ఉంటుందో చెప్పలేం. ఈ మాటకు అందరూ నవ్వారు. యాడికి అనే ఊరి నుంచి పెద్దాసుపత్రికి వచ్చి బస్సు కోసం నిలబడిన ఒక రైతు మాత్రం నవ్వలేదు. చేతిలో మందుల సంచితో నా దగ్గరికి వచ్చి, "కరువు మండలాల మాట వస్తాదా సార్ ఈసారి?" అని అడిగాడు. తెలియదన్నాను. టీ సగంలో వదిలేసి ఇంటికి వచ్చేశాను. ఆ ప్రశ్న చాలా ఏళ్ల కిందట మా అత్త అడిగింది. అప్పుడు తెలుసని చెప్పాను.

అత్త మా నాయనకు అక్క. పెళ్లయిన రెండో ఏడే మొగుడు పోతే పుట్టింటికి తిరిగి వచ్చింది. మా తాత ఊరి బయట నాలుగెకరాల ఎర్రనేల, అందులో ఒక దిగుడు బావి, దాని పక్కన బోదగడ్డి కప్పిన కొట్టం ఆమె పేర రాసిచ్చాడు. మా ఊరు బెళుగుప్ప దిక్కున ఉంటుంది. ఆ నేలలో వాన పడితే వేరుశనగ, పడకపోతే రాళ్లు. అత్త ఒంటిచేత్తో సేద్యం చేసింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆమె గొంతు వింటే మాకు భయం, ఆమె ఎద్దులకు మాత్రం ధైర్యం. పెద్దోడు, చిన్నోడు అని వాటికి పేర్లు. ఇంట్లో నాకూ మా అన్నకూ కూడా అవే పిలుపులు కావడంతో, దొడ్లో నుంచి కేక వినిపిస్తే ముందు ఎవరు పలకాలో తేలేది కాదు. తేలేలోపు ఎద్దులే పలికేవి.

అత్తకు ఒక మర్యాద ఉండేది. వచ్చినవాళ్ల ముందు లేదు అనే మాట నోట రానిచ్చేది కాదు. చక్కెర లేకపోతే, ఈ ఎండలకు బెల్లం కాఫీనే ఒంటికి చలవ అని చెప్పి అదే ఇచ్చేది. మంచం నులక తెగిపోయి ఉంటే, చాప మీద కూర్చుంటే నడుము నిలుస్తుందనేది. ఎట్లున్నావని ఎవరడిగినా జవాబు ఒకటే, "బాగుండామప్పా." జ్వరంతో వణుకుతూ కూడా ఆ మాటే అంటుంటే మా అమ్మ కోప్పడేది. కష్టం చెప్పుకోవడమంటే అత్త దృష్టిలో వచ్చినవాళ్ల చేత పని చేయించుకోవడం లాంటిది. ఆ పట్టుదల ఆమెది ఒక్కతెదే అనుకునేవాణ్ణి. ఊరంతా అంతేనని తర్వాత అర్థమైంది. ఆ మర్యాద చూసి నేను చాలాకాలం గర్వపడ్డాను.

ఆ ఏడు విత్తనం వేసేటప్పుడు మంచి వాన పడింది. పూత కూడా పసుపుగా విరగబూసింది. తర్వాత చినుకు లేదు. పూత నుంచి ఊడలు నేలలోకి దిగి కాయ కట్టాల్సిన సమయానికి నేల పెంకులా గట్టిపడింది. దిగడానికి మెత్తని నేల దొరక్క ఊడలన్నీ పైపైనే ఎండిపోయాయి. మనుషుల తిండికి ఏదో దారి ఉంటుంది, కూలికి పోతారు, వలస పోతారు. పశువులకే దారి లేదు. కాయ కోశాక మిగిలే వేరుశనగ కట్టె ఇంటికి వస్తేనే ఎద్దులకు ఏడాది మేత. కరువు మండలమని ప్రభుత్వం ప్రకటిస్తే ఊరి దగ్గర గడ్డి కేంద్రం తెరుస్తారు, లేకపోతే లేదు. పెద్దోడూ చిన్నోడూ ఆ ఎండాకాలం దాటేదీ లేనిదీ ఆ ఒక్క ప్రకటన మీద ఆధారపడి ఉంది. దసరా సెలవులకు నేను ఊరికి వెళ్లినప్పుడు అత్త అదే అడిగింది. మా ఎమ్మెల్యే ఆ ప్రశ్న సభకు ఇచ్చాడని నాకు అప్పటికే తెలుసు. వచ్చే సమావేశాల్లో తప్పకుండా వస్తుంది, జాబితాలో మన మండలం చేరుతుంది చూడమని ధీమాగా చెప్పాను. ఉద్యోగం సభలో కదా, నా మాటకు ఊళ్లో విలువ ఎక్కువ. అత్త ఆ సాయంత్రం ఎద్దులకు కొట్టం కప్పులోంచి గుప్పెడు ఎక్కువ బోద దూసి వేసింది.

అప్పుడే ఇంకో సంగతి కూడా చెప్పింది, సంబరంగా. వారం ముందు జీపులో ఆఫీసర్లు వచ్చారట, పంట చూసిపోవడానికి. ఊరి మొదట్లో ఉన్నది అత్త కొట్టమే కాబట్టి ముందు అక్కడే ఆగారు. వాళ్లు దిగేలోపే అత్త వాకిలి చల్లింది. పక్కింటి నుంచి బొరుగులు తెచ్చి ఉగ్గాని చేసి పెట్టింది. చల్ల ఇచ్చింది. పెద్దసారు రెండోసారి అడిగి పెట్టించుకున్నాడని చెప్పేటప్పుడు ఆమె మొహం వెలిగిపోయింది. తర్వాత చేను చూపించమన్నారు. మాడిపోయిన చేలోకి పెద్దమనుషుల్ని ఎట్లా తీసుకుపోతుంది? బావి పక్కన, రేపటి విత్తనం కోసమని కడవలతో నీళ్లు మోసి బతికించుకున్న నాలుగు సాళ్లున్నాయి. అక్కడికి తీసుకుపోయి, ఒక చెట్టు పెరికి, మట్టి దులిపి, కాయలు వేలాడుతుండగా పెద్దసారు చేతిలో పెట్టింది. ఎట్లుండాదమ్మా పంట అని ఆయన అడిగితే, మాకేం సార్, బాగుండాది అంది. నేను పగలబడి నవ్వాను. అత్తా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. చదువుకున్నవాణ్ణి, కాగితాల మధ్య బతికేవాణ్ణి, ఆ మాట ఎక్కడికి పోయి చేరుతుందో నాకు తట్టలేదు.

చలికాలం సమావేశాల్లో ప్రశ్న వచ్చింది. రిపోర్టర్లం వంతులవారీగా లోపలికి వెళ్తాం, వంతుకు ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలు నా వంతే అయింది. మా ఎమ్మెల్యే లేచి మండలం పేరు చెప్పి, ఎందుకు జాబితాలో లేదని అడిగాడు. మంత్రిగారు కాగితం చూసి జవాబిచ్చారు. "ఆ మండలంలో మా అధికారులు పొలాల్లోకి వెళ్లి చూశారు. పంట బాగుందని రైతులే చెప్పారు, అధ్యక్షా. కాయ చూపించి మరీ చెప్పారు." బల్లలు చరిచారు. నా పెన్సిలు ఆగలేదు. ఆగకూడదన్నదే మాకు మొదట నేర్పిన పాఠం. రైతులు కాదు, ఒక్క ముసలావిడ. పంట కాదు, నాలుగు సాళ్లు. చెప్పడం కాదు, మర్యాద. ఇదంతా ఆ సభలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక్క గుర్తు పొల్లుపోకుండా రాసుకుని బయటికి వచ్చాను. వరండాలో మా ఎమ్మెల్యే ఒంటరిగా ఎదురొచ్చాడు. సభా వ్యవహారాల గురించి రిపోర్టరు సభ్యులతో మాట్లాడకూడదు. గోడ పక్కకు ఒదిగి దారి ఇచ్చాను. ఆయన నన్ను చూడను కూడా లేదు. మాట్లాడితే ఏం జరిగేదో తెలియదు, ఏమీ జరిగేది కాదేమో. కానీ మాట్లాడలేదు.

నెల తర్వాత ఊరికి వెళ్లాను. మంత్రిగారి జవాబు పేపర్లో వచ్చి అప్పటికే అందరికీ తెలిసింది. ఎవరూ అత్తను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. బోరింగు దగ్గర ఆమె బిందె పెట్టగానే మాటలు ఆగిపోయేవట, అంతే. మొదట ఊరివాళ్లు చిన్నగా ఎగతాళి చేశారు, మేత అయిపోయేకొద్దీ ఆ ఎగతాళి కూడా మానేశారు. నేను వెళ్లేసరికి అత్త కొట్టం కప్పు సగం ఖాళీ. వాసాల మధ్య నుంచి ఎండ లోపలికి పడుతోంది. చాప వేసి, కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.

"ఆడ రాసేది నువ్వే కదప్పా."

అవునన్నాను.

"నేను సెప్పిన మాట కొట్టేసేకి కాదా? తెలీక అంటి. వచ్చినోళ్ల ముందర ఏడ్చేది బాగుండదని అంటి."

కుదరదత్తా అన్నాను. ఒకసారి రికార్డయిన మాటను అధ్యక్షులవారు తొలగించమంటే తప్ప ఎవరూ తీయలేరని, అక్షరం మార్చినా నా ఉద్యోగం పోతుందని వివరంగా చెప్పాను. ఆ వివరం ఎంత బాగా చెప్పానో నాకు గుర్తుంది. అత్త తల ఊపుతూ అంతా విన్నది. ఎద్దుల వైపు చూసి, మళ్లీ నా వైపు తిరిగి, కూర్చున్నది లేచి నిలబడింది. సభలో లేచి మాట్లాడతారని నేనే ఎప్పుడో చెప్పి ఉంటాను.

"అట్లయితే ఇంగో మాట సెప్తా, ఇది రాసుకో. నా చేన్లో పంట లేదు. నేను సూపించింది బావికాడి నాలుగు సాళ్లే. మా ఊర్లో గడ్డి లేదు. నా ఎద్దులు నా కొట్టం తింటాండాయి. ఇది నేను సెప్తాండే మాట."

బయట అన్న మాటలు రికార్డులోకి ఎక్కవత్తా అని నవ్వబోయాను. జేబులో పెన్సిలుంది. సంచిలో నోటుపుస్తకం ఉంది. రాసుకున్నంత మాత్రాన నా ఉద్యోగం పోదు. ఉత్తగా రాసుకుని, ఆ కాగితం మడిచి దాచుకున్నా ఆమె తృప్తిపడేది. అంత చిన్నపని చేయలేదు. నియమం తెలిసినవాణ్ణన్న గర్వం నాకు అడ్డమొచ్చింది. అత్త మెల్లగా కూర్చుంది, కాఫీ చల్లారిపోతాంది తాగమంది.

శివరాత్రి దాటాక ఎద్దుల్ని సంతకు తోలుకుపోయింది. తోడు వస్తానన్న మా నాయనను వద్దంది. ఎద్దుల్ని అమ్మినవాళ్లు వాటి పలుపుతాళ్లు ఇవ్వరు, ఇంటికి తెచ్చుకుంటారు. పొద్దు వాలే వేళకు రెండు పలుపులు భుజాన వేసుకుని ఆమె ఒక్కతే నడిచి రావడం మా అమ్మ చూసింది. వాటిని ఎక్కించుకున్న లారీ ఎటు పోయిందో అందరికీ తెలుసు. అత్త అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఎవరైనా ఎట్లుండావని పలకరిస్తే, బాగుండామనే మాట మాత్రం ఆమె నోట మళ్లీ రాలేదు. చల్ల తాగుతావా అని మాట మార్చేది. మర్యాద అలాగే ఉంది, దాని మీద ఆమెకున్న నమ్మకం పోయింది.

చివరి రోజుల్లో చూడడానికి వెళ్లాను. మనిషి గుర్తుపట్టలేనంత చిక్కిపోయింది, గొంతు కూడా లోపలికి పోయింది. ఎట్లుండావత్తా అని అడిగాను, ఇంకేం అడగాలో తెలియక. కళ్లు తెరిచి నా వైపు తిరిగింది.

"రాసుకుంటావా? రాసుకునేదుంటే సెప్తా."

రాసుకుంటానన్నాను. జేబులు తడుముకున్నాను. అప్పటికి రిటైరై రెండేళ్లు, పెన్సిలు పెట్టుకునే అలవాటు పోయింది. బయటికి వెళ్లి ఎవరినో అడిగి పెన్ను తెచ్చేసరికి ఆమె కళ్లు మూసుకుని ఉంది. నిద్రేననుకుని కాసేపు పక్కనే కూర్చున్నాను. నిద్రే. కానీ ఆ తర్వాత రెండు రోజులు బతికినా మాట్లాడలేదు.

మంత్రిగారి జవాబు అట్ట వేసిన పుస్తకంలో ఉంది, నేను రాసింది రాసినట్టే. ఆ మంత్రిగారు పోయారు. అడిగిన ఎమ్మెల్యే కూడా పోయాడు. ఇద్దరికీ సంతాప తీర్మానాలు జరిగాయి, ఒకటి నేనే దించుకున్నాను. అత్త లేచి నిలబడి చెప్పిన ఆ నాలుగు మాటలు ఏ పుస్తకంలోనూ లేవని ఈ పొద్దు కాగితం తీసి రాశాను. రాసి, చదువుకుని, అందులో ఆమె చెప్పినవి ఎన్ని, ఇన్నేళ్లుగా నేను తలుచుకుంటూ చేర్చుకున్నవి ఎన్ని అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ రోజే రాసి ఉంటే అది అత్త మాట అయ్యుండేది, ఇంతకాలం గడిచాక అది నా జ్ఞాపకం మాత్రమే.