వంటింటి దాకా వెళ్లిన కేకు

నిన్న న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, మా ఇంట్లో పార్టీ. బేస్‌మెంటు క్రికెట్ ఆడుకునేంత ఖాళీగా ఉంటే, జనమంతా వంటింట్లో, ఫ్రిజ్ తలుపు తీయడానికి కూడా వీసా కావాలన్నంతగా ఇరుక్కుని నిలబడ్డారు. ఆ ఇరుకు చూడగానే పక్కింటి పెద్దమ్మ గుర్తొచ్చి, పకోడీల ప్లేటుతో అక్కడే నవ్వుతూ నిలబడిపోయాను.

పెద్దమ్మ నవలలు రాసేవారు. ఆవిడ ముత్తాతలు విశాఖ వైపు నుంచి డర్బన్ చెరకు తోటల్లో పనికి వెళ్లారు. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ల ప్రభుత్వం మనుషుల్ని రంగును బట్టి విడదీస్తుంటే, దాని మీద ఆవిడ ఒక నవల రాశారు. ఆ దెబ్బకి మంత్రులకు నెల్లాళ్లు అన్నం సయించలేదని నా అంచనా. పుస్తకాన్ని నిషేధించి ఊరుకోక, ఆవిడనే నిషేధించారు. ఇంట్లోవాళ్లతో తప్ప, ఒకేసారి ఒక్క మనిషికి మించి ఎవరితోనూ కూర్చోకూడదు. అది చూడ్డానికి పోలీసులు ఏ వేళలోనైనా వచ్చి తలుపు కొట్టేవారు. ఇక ఆ ఇంట్లో విందులు ఎలా ఉండేవో ఊహించుకోండి. చుట్టాలంతా హాల్లో, ఆవిడ వంటింట్లో. పెదనాన్న గుమ్మంలో నిలబడి, తిరుపతి దర్శనం క్యూలాగా ఒక్కొక్కరినే లోపలికి వదిలేవారట. కూతురి పుట్టినరోజు కేకు హాల్లో కోస్తుంటే, తల్లి తలుపు వెనక నుంచి పాట పాడేదట.

ఆ తర్వాత ప్రవాసం, అమెరికా. ఇక్కడి సభల్లో మైకు కాలిపోయేలా మాట్లాడేవారు. కొన్నేళ్లకు ఆ ప్రభుత్వమే పోయింది. అయినా ఇంట్లో ఆవిడ ఒకరితో మాట్లాడుతుండగా ఇంకొకరు వచ్చారంటే చాలు, ఆవిడ కాళ్లు వాటంతటవే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేవి. ఆ ఇంకొకణ్ణి చాలాసార్లు నేనే. కారణం నా జోకులేమోనని చాన్నాళ్లు కుమిలిపోయాను.

కూతురికి యాభయ్యో పుట్టినరోజు వచ్చింది. ఆ కూతుర్ని నేను అక్కా అనేవాణ్ణి. ఆ మధ్యాహ్నం హాలు నిండా మేం, బల్ల మీద మా వ్యాన్ టైరంత కేకు, పెద్దమ్మ యథాప్రకారం వంటింట్లో. అక్క కత్తి పట్టుకుంది గానీ కొయ్యలేదు.

“అమ్మా, ఒక్కసారి రా. కేకు కట్ చేసేప్పుడు నువ్వు నా పక్కన ఉన్న ఫొటో ఒక్కటీ లేదు.”

“నువ్వు కానియ్ తల్లీ. ఇక్కణ్ణించి పాడతాగా.”

“ఇన్నేళ్లూ తలుపే పాడిందమ్మా నాకు.”

న్యూజెర్సీలో పుట్టిన మనవరాలు రెండు చేతులా కేకు ఎత్తింది. “ఓకే, అమ్మమ్మ రాదు. సో, కేక్ వెళ్తుంది. అంకుల్, డోర్ పట్టుకోండి.”

పట్టుకున్నాను. కేకు వెనక అక్క, అక్క వెనక సమస్త ఎడిసన్ నగరం. పెద్దమ్మ చేతిలో ప్లేటుతోనే ఉలిక్కిపడి లేచారు. చూపు పెరటి తలుపు వైపు పోయింది.

“ఇంతమందా? ఎవరైనా వస్తే?”

“వస్తే వాళ్లకీ ఒక ముక్క పెడదాంలే అమ్మా,” అంది అక్క.

పెద్దమ్మ ప్లేటు గట్టు మీద పెట్టి, కత్తి మీద ఉన్న కూతురి చేతి మీద తన చెయ్యి వేసి, పాట ఎత్తుకున్నారు. మేమంతా అందుకున్నాం. ఆ హోరుకి మా ఊరి ఓక్ ట్రీ రోడ్డు మీద ట్రాఫిక్ ఆగిపోయే ఉంటుంది. తర్వాత ఆవిడ మా అందరి మధ్యకీ కుర్చీ లాక్కుని, నా ప్లేట్లోని సమోసా కూడా తీసుకుని తిన్నారు.

ఆ దేశానికి స్వేచ్ఛ ఏ ఏడు వచ్చిందో చరిత్ర పుస్తకాలు చెబుతాయి. ఆ ఇంటికి మాత్రం అది ఆ మధ్యాహ్నమే వచ్చింది.