అందరి అంగీకారంతో

పాడ్‌కాస్ట్‌కి అతిథిగా వచ్చేవాళ్ళు ఎలా మాట్లాడాలో చాందిని ఫోన్లో చెబుతుంటే రాజగోపాల్ గారు బుద్ధిగా కాగితం మీద రాసుకున్నారు. కాగితం చూసి మాట్లాడకూడదన్నది అందులో మొదటి సంగతి. ఆయన దాన్ని కూడా రాసుకుని, కింద గీత గీశారు. చెబితే నవ్వొస్తుంది గానీ, ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖలో గుమాస్తాగా చేరి అండర్ సెక్రటరీగా దిగిన మనిషి ఇంకెలా ఉంటాడు?

"లెక్చర్ వద్దు అంకుల్. మీ లైఫ్‌లో జరిగిన ఒక్క విషయం చెప్పండి, బస్. అందరూ వింటున్నారని టెన్షన్ పడకండి. ఒక్కరే వింటున్నారనుకోండి. ఆ ఒక్కరితోనే మాట్లాడండి" అంది చాందిని. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల. ఇక్కడి తెలుగువాళ్ళ బతుకుల మీద వారం వారం ఒక పాడ్‌కాస్ట్ చేస్తుంది.

"ఎవరనుకోమంటావమ్మా?"

"మీ మర్జీ అంకుల్. మీకెవరితో మాట్లాడాలనుందో వాళ్ళే."

రాజగోపాల్ గారి కలం ఆగిపోయింది. ఆయన ఈ పనికి ఒప్పుకున్నదే ఆ ఒక్కడి కోసం.

ఆ ఒక్కడు ఆయన కొడుకు వరుణ్. తండ్రితో మాట మానేసి ఏళ్ళు గడిచిపోయాయి. తండ్రి ఫోన్ నంబరు బ్లాక్ చేశాడు, ఇల్లెక్కడో చెప్పలేదు, పెళ్ళికి పిలవలేదు. కోడలు తేజశ్రీ మాత్రం మనసు ఒప్పక, మొగుడికి తెలియకుండా అప్పుడప్పుడు ఫోన్ చేసి మందులు వేసుకుంటున్నారా అని అడుగుతుంది. ఆ పిల్లే ఓసారి మాటల్లో అంది, "ఆయన రోజూ గుర్‌గావ్ ఆఫీసుకి మెట్రోలో వెళ్తూ చాందిని గారి పాడ్‌కాస్ట్ వింటారు మామయ్యగారూ. ఒక్కటి కూడా వదలరు" అని. ఆ మాట పట్టుకుని ఈయన చాందినికి తనంతట తానే ఫోన్ చేసి, నన్ను పిలుస్తావా అమ్మా అని అడిగారు. జన్మలో ఎవరినీ ఏదీ నోరు తెరిచి అడగని మనిషి.

కొడుకు ఎందుకు మాట మానేశాడంటే దానికి కారణం ఉంది. వరుణ్ సివిల్స్‌కి చదువుతున్న రోజుల్లో వీళ్ళ కాపురం సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో. ఇంట్లో ఉంటే చుట్టాలూ టీవీ, చదువు సాగదని తండ్రే వాడికి కటవారియా సరాయ్‌లో గది తీసి పెట్టారు. ఆటో ఎక్కితే కాసేపటిలో వచ్చేంత దూరం. మెయిన్స్ పరీక్షల ముందు తల్లి ఉషకి కామెర్లు వచ్చి ముదిరి, ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. "అమ్మకి కాస్త జ్వరం, నువ్వు చదువుకో" అని తండ్రి కొడుక్కి చెప్పారు. పక్కమీద ఉష రోజూ అడిగేది, వాడొచ్చాడా అని. పరీక్షలయ్యాక వస్తాడు అనేవారు ఈయన. ఆఖరి పేపరు రోజు తెల్లారుతూనే ఉష పోయింది. రాజగోపాల్ గారు పరీక్ష కేంద్రానికి వెళ్ళి, గేటు బయట నిలబడి, పిల్లవాడు పేపరు మొత్తం రాసి బయటికి వచ్చేదాకా ఆగి, అప్పుడు చెప్పారు.

వరుణ్ ఆ ఏడు పాసవలేదు. తల్లికి తలకొరివి పెట్టి, ఏదో కంపెనీలో చేరిపోయాడు. తండ్రి రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, ఢిల్లీ అంచున వైశాలిలో ఒక ఫ్లాటులో ఒంటరిగా చేరారు. అక్కడ ఆయనకి మాట్లాడే మనిషి లేడు. ఉన్నవాళ్ళతో మాట్లాడాలనీ లేదు.

రికార్డింగ్ రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, జవాబులన్నీ టైపు చేయించి, పేరాలకి నంబర్లు వేయించి, ఫైలులో పెట్టుకుని వెళ్ళారు. చాందిని ఆ ఫైలు నవ్వుతూ లాక్కుని పక్కన పెట్టేసింది. మైకు ముందు కూర్చున్నాక, ఢిల్లీకి వచ్చిన కొత్తలో చలి, హిందీ రాక పడ్డ పాట్లు, క్వార్టరు కోసం చూసిన ఎదురుచూపులు చెప్పారు. చాందిని ఏమీ అనకుండా వింటూ కూర్చుంది. అలా ఊరుకుంటే అవతలివాళ్ళు అసలు మాట చెబుతారని ఆ పిల్లకి తెలుసు.

"ఉష అడిగిందమ్మా" అన్నారు ఆయన ఉన్నట్టుండి.

ఆ తర్వాత ఆగలేదు. మా అక్క సరోజ, పిల్లాడికి చెప్పి పరీక్ష పాడు చెయ్యకురా అందని చెప్పారు. ఉష తమ్ముడు గోవిందరాజులు పక్కనే ఉండి కూడా నోరు మెదపలేదన్నారు. "వాళ్ళననుకుని ఏం లాభం, ఫోన్ నా చేతిలో ఉంది. నొక్కలేదు. గేటు దగ్గర నిలబడి కూడా, వీడు ఐఏఎస్ అయితే వాళ్ళమ్మ ఆత్మ శాంతిస్తుందని అనుకున్నాను. ఎంత దరిద్రపు బుద్ధో చూడు. వరుణ్, తప్పు నాదేరా. అమ్మ నిన్ను అడిగింది. రోజూ అడిగింది. నీకు ఆ చివరి చూపు లేకుండా చేశాను. నన్ను క్షమించు నాన్నా" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చారు. చాందిని కూడా కళ్ళు తుడుచుకుంది. తన దగ్గరికి వచ్చినవాళ్ళలో ఇంత బాగా మాట్లాడినవాళ్ళు లేరంది.

ఆయన అక్కడితో ఇంటికి పోయి పడుకుంటే ఎంత బాగుండేది!

"బయటికి పంపే ముందు ఒకసారి నాకు వినిపిస్తావా?" అని అడిగారు. అతిథి ఏది తీసెయ్యమంటే అది తీసెయ్యడం ఆ పిల్ల పద్ధతి. ఆ సాయంత్రమే ఫోన్‌కి పంపింది. రాజగోపాల్ గారు విన్నారు. వినగానే ఉద్యోగం బుద్ధి నిద్ర లేచింది. సర్వీసంతా ఆయన ఒక్క కాగితం కూడా సంబంధించినవాళ్ళ అంగీకారం లేకుండా గడప దాటనివ్వలేదు. ఇందులో సరోజ పేరుంది, గోవిందరాజులు పేరుంది. అడగకుండా ఎలా? ఇద్దరికీ వాట్సాప్‌లో పంపి, "మీ అభిప్రాయం తెలపగలరు" అని కింద రాశారు.

ముందు సరోజ ఫోన్ చేసింది. "ఏరా, నీకు మతి పోయిందా? మేనల్లుడి దృష్టిలో నన్ను రాక్షసిని చేస్తావా? అప్పుడు మంచికే కదా చెప్పాను! నా మాట తీసెయ్."

తీసెయ్యమని చాందినికి చెప్పారు.

తర్వాత గోవిందరాజులు. "బావా, మా అక్క చావుని వీధిలో పెడతారా? ఆసుపత్రి సంగతి ఒక్క ముక్క వినపడకూడదండి. అసలు రికార్డింగే ఎవరి దగ్గరా ఉండకూడదు. మీరు మర్యాదస్తులు, మీకు నేను చెప్పాలా?"

అదీ తీసెయ్యమన్నారు. తన ఫోన్లో ఉన్నది చెరిపేశారు. చాందిని దగ్గరున్న అసలు రికార్డింగును కూడా చెరిపెయ్యమన్నారు.

"అంకుల్, ఇవన్నీ తీసేస్తే ఏం మిగుల్తుంది? ఎపిసోడ్‌కి జాన్, ప్రాణం అదే కదా!" అంది చాందిని, దాదాపు ఏడుపు గొంతుతో.

"క్షమించమని అడిగింది ఉంటుంది కదమ్మా."

"ఉంటుంది అంకుల్. కానీ దేనికి సారీ చెప్తున్నారో ఎవరికీ అర్థం కాదు. అజీబ్‌గా, వింతగా ఉంటుంది."

రాజగోపాల్ గారు ఆలోచించారు. ముందూ వెనకా లేని వాక్యం కింద ఆయన ఏనాడూ సంతకం పెట్టలేదు. "నిజమే. అతకదు. అయితే అదీ తీసెయ్" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఏం చేస్తున్నారో ఆయనకి తెలియలేదంటే నమ్మాలి. నలుగురి మాటా నెగ్గించి పని పూర్తి చేశానన్న పాత తృప్తి ఒకటి అప్పటికి ఆయన్ని కమ్మేసింది.

ఎపిసోడ్ బయటికి వచ్చింది. చలి గురించి, హిందీ పాట్ల గురించి, క్వార్టర్ల గురించి చక్కగా ఉంది. సరోజ ఫోన్ చేసి, ఎంత హుందాగా మాట్లాడావురా అంది. గోవిందరాజులు దండం బొమ్మలు పంపాడు. అపార్ట్‌మెంట్‌లో ఎవరో లిఫ్టులో చెయ్యి కలిపారు. రాజగోపాల్ గారు ఎవరికీ సరిగ్గా జవాబు చెప్పలేదు. ఇంట్లో ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నారు. తను ఏం తీసేయించారో అప్పటికి ఆయనకి బోధపడింది.

తేజశ్రీ ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"ఆయన విన్నారు మామయ్యగారూ. మీ పేరు చూసి ముందు పక్కన పెట్టేశారట. మళ్ళీ ఏమనుకున్నారో, మెట్రోలో పెట్టుకున్నారు. దిగాల్సిన స్టేషన్ దాటిపోయినా దిగలేదట. చివరిదాకా విన్నారు."

"చివరిదాకానా?"

"అవును. అమ్మ గురించి ఏమైనా అంటారేమోనని ఎదురుచూశారట. ఒక్కసారి కూడా అమ్మ పేరు ఎత్తలేదు, క్వార్టరు గురించి మాత్రం అంతసేపు చెప్పాడు అన్నారు. అలా అంటూ నా ముందు ఏడ్చారు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం ఎప్పుడూ చూడలేదు నేను."

"చెప్పానమ్మా. ఉష సంగతి చెప్పాను. క్షమించమని కూడా అడిగాను. తీసేయించాను..."

"ఎందుకు తీయించారు మామయ్యగారూ?"

జవాబు కోసం తేజశ్రీ ఆగలేదు.

"మీతో మాట్లాడుతున్నట్టు ఆయనకి చెప్పేశాను. ఇంక మాట్లాడనని మాటిచ్చాను. మందులు మర్చిపోకండి" అని పెట్టేసింది.

రాజగోపాల్ గారు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, "వరుణ్, అమ్మ నిన్ను రోజూ అడిగిందిరా" అన్నారు. ఆ తర్వాత చాందిని ముందు అన్న మాటలన్నీ ఒక్కటీ వదలకుండా వరసగా చెప్పారు.