దాలమ్మ వదిలేసిన దుబ్బు

పిక్కలు రాలే కాలానికి ముందే జీడిచెట్ల కింద గడ్డి కోసి నేల శుభ్రం చేయాలి. ఆ పనిలో దాలమ్మ ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. కాస్త కోస్తుంది, మోకాలి మీద చెయ్యి ఆనించి లేస్తుంది, నడుం పట్టుకుని నిలబడుతుంది, మళ్లీ కూలబడుతుంది. రోజు విడిచి రోజు మొగుడు పోలారావును డయాలసిస్‌కి పలాస తీసుకెళ్లి రావడంతోనే ఆమె సత్తువ అయిపోతుంది. మంచం దిగలేని అతని కోసం తోటలోంచి రోజూ ఏదో ఒక కబురు మోసుకెళ్తుంది. ఈసారి గడ్డిపురుగు కబురు దొరికింది. ఆవగింజంత గుడ్డు, తల మీద రెండు కొమ్ములున్న పచ్చటి పురుగైంది. తిని తిని, చివరికి సీతాకోకచిలుక అయ్యేందుకు పరక కింద తొడుగులో తలకిందులుగా ముడుచుకుని వేలాడింది. దాలమ్మ ఆ దుబ్బు కోయలేదు. “పిక్కలందులో పడితే ఎవులేరతారప్పా?” అని పక్కన కోస్తున్న కుమారి విసుక్కుంటే, “నానే ఏరతాన్లే” అంది. ఇంటికెళ్లగానే పోలారావు అడిగేవాడు, “ఎగిరిందేటే?” అని. “ఇంకా నేదు.”

పలాస వెళ్లొచ్చిన మర్నాడు తోటలో పరకకి ఖాళీ తొడుగు వేలాడుతోంది. “నిన్న మద్దేనం ఎగిరిపోనాదప్పా” అంది కుమారి. దాలమ్మ కాసేపు దాన్నే చూసి, కొడవలి తీసి ఆ దుబ్బూ కోసేసింది. ఇంటికొచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా మంచం పక్కన కూలబడింది. “నిన్న మద్దేనం ఎగిరిపోనాది. నా కళ్లతో సూసినాను.”

నిన్న మధ్యాహ్నమంతా ఆసుపత్రిలో తన చెయ్యి పట్టుకునే కూర్చుందని పోలారావు గుర్తు చేయలేదు.

“ఏ రంగే?” అన్నాడు.